పొయ్యిగట్టు మీద సీసా

కోడిపిల్ల కంట్లో చుక్క వేశాక అది రెప్ప ఆర్పేదాకా వదలకూడదు. వదిలితే తల విదిలిస్తుంది, చుక్క కాస్తా నేలపాలవుతుంది. అందుకని ఒక్కోదాన్ని అరచేతిలో పడుకోబెట్టి, బొటనవేలితో తల పక్కకి తిప్పి పట్టుకుని, పైకి కనిపిస్తున్న కంట్లో ఒక్క చుక్క వేసి, అది ఆర్పేదాకా అలా చూస్తూ కూర్చోవాలి. ఏమీ అనుకోకుండా చూస్తూ కూర్చోవడం నాకు బాగా అలవాటైన పని. ఆ ఆదివారం పొద్దున కూడా మా పెరట్లో బోర్లించిన బకెట్టు మీద అలాగే కూర్చున్నాను. మోకాళ్ళ మధ్య స్టీలు గ్లాసు, గ్లాసులో ఐసు ముక్కలు, ఐసులో మందు సీసా. చుట్టూ మా వీధి ఆడవాళ్ళు. ఒకరి ఒళ్ళో అట్టపెట్టె, ఒకరి ఒళ్ళో గంప, ఒకావిడ ఏకంగా ప్రెషర్ కుక్కర్లో పెట్టి తెచ్చింది. మూత మాత్రం తీసే ఉంచింది, పాపం.

అందరం ఒక్కసారే ఎందుకు వేయిస్తామంటే, ఆ మందు పద్ధతే అంత. సీసా అడుగున చిటికెడు పొడి ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్ళలో కలిపామంటే ఇక రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్క సీసా మా వీధి మొత్తానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. ఎవరి మటుకు వాళ్ళు సీసా తెచ్చుకుని నాలుగు పిల్లలకి వేసి మిగతాదంతా పారబోయడం ఎందుకని, గుడ్లు పొదిగి పిల్లలయ్యే కాలంలో ఒక ఆదివారం చూసుకుని అందరూ మా పెరట్లో చేరతారు. కొన్నేళ్ళ కిందట కొక్కెర తెగులు వచ్చి వీధిలో ఒక్క కోడి మిగలకుండా ఊడ్చుకుపోయింది. పొద్దున బాగానే ఉన్న పెట్ట మధ్యాహ్నానికి రెక్కలు వాల్చేసి, ఆకుపచ్చగా విరేచనాలు చేసుకుంటూ, మెడ మెలితిప్పుకుని ఆకాశంలోకి చూసేది. సాయంత్రానికి ఉండేది కాదు. అప్పుడే పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ నాకు ఈ చుక్కమందు వెయ్యడం నేర్పింది. నాకే ఎందుకు నేర్పిందంటే, ఆసుపత్రి మా కంపెనీకి వెళ్ళే దారిలో ఉంది కాబట్టి. "నీకు దారే కదా" అన్నారు అందరూ. దారే కదా, ఆ చేత్తోనే కదా, ఖాళీగానే ఉన్నావు కదా అంటూ నా చేత చేయించుకున్న పనులన్నీ కుప్ప పోస్తే ఈ పెరడు చాలదు.

కానీ అబద్ధం ఎందుకు, ఈ పని చెయ్యడం నాకు ఇష్టం. మా ఇంట్లో గానీ, నేను బొత్తాలు కుట్టే బట్టల కంపెనీలో గానీ నా చేతి పనిని రెండోసారి చూడకుండా ఎవరూ ఒప్పుకోరు. కూర దించితే అత్తగారు మూత తీసి చూస్తుంది, చొక్కా దించితే సూపర్వైజరు దారం లాగి చూస్తాడు. ఇక్కడ మాత్రం పిల్లల్ని తెచ్చి నా చేతిలో పెట్టేస్తారు. వేశానంటే వేశానే.

"ఇదిగో వదినా, పిల్లలన్నీ అయ్యాక మా ఆయనకి కూడా ఓ చుక్క వేద్దూ. కాస్త కళ్ళు తెరుస్తాడేమో" అంది కుట్టుమిషను వదిన. నన్ను ఆవిడ వదిన అంటుంది, ఆవిడని నేను వదిన అంటాను. ఎవరు పెద్దో ఇద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు.

"మీ ఆయన్ని అరచేతిలో ఎలా పట్టుకుంటుందే?" అంది బడ్డీకొట్టు పిన్ని, అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మధ్య నవ్వాల్సిన చోట నవ్వుతున్నానో లేదో చూసుకుంటూ నవ్వుతున్నాను. ఏడవాల్సిన చోట ఏడుస్తున్నానో లేదో తెలియదు. మొన్న మా అమ్మ చెల్లెలి కూతురు పోయిందని ఫోనొస్తే, సరే అని పెట్టేసి బియ్యం కడిగాను.

ఇంతలో ఇంట్లోంచి మా ఆయన గొంతు. "ఏమోయ్, ఇవాళ టీ అనేది ఉందా, కోళ్ళకి పోసేశావా?"

ఆ మాటకీ నవ్వారు వాళ్ళు. ఆయన నలుగురినీ నవ్విస్తూ మాట్లాడతారు, వీధిలో ఆయనకి మంచి పేరు. వీధి సంఘానికి సెక్రటరీ కూడా. ఎవరింటికి నీళ్ళు రాకపోయినా, ఎవరి దీపం వెలగకపోయినా ఆయన దగ్గరికే వస్తారు. చేతిలో ఉన్న పిల్లని ఆర్పేదాకా చూసి, సీసా వదిన చేతికిచ్చి, ఐసులోంచి తియ్యొద్దని చెప్పి, వెళ్ళి టీ పెట్టిచ్చి వచ్చాను. గ్లాసు ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలో పెట్టాను. అలా పెట్టకపోతే మళ్ళీ పిలుస్తారు.

ఈసారి అందరికీ తొందరగా ఉంది, ఎందుకంటే వెనక వీధిలో తెగులు అప్పటికే దిగింది. వారంలో రెండిళ్ళలో కోళ్ళు ఖాళీ అయ్యాయి. మందు వేయించేదాకా కాళ్ళూ చేతులూ ఆడలేదన్నారు. అన్నీ అయ్యాక పిన్ని గంప నెత్తిన పెట్టుకుంటూ, "హమ్మయ్య, ఇక బెంగ లేదు. మా చెల్లెలు ఓ పెట్టనిస్తానంది, రేపెళ్ళి తెచ్చేసుకుంటా" అంది. ఆవిడ చెల్లెలుండేది వెనక వీధిలోనే.

"అప్పుడే వద్దు పిన్నీ. మందు ఒంటికి పట్టడానికి వారం పది రోజులు పడుతుంది" అన్నాను.

"అలాగేలే" అంది పిన్ని. ఆగే మనిషి కాదు. అందుకే గట్టిగా ఇంకోసారి చెప్పాను.

వాళ్ళు వెళ్ళాక గ్లాసూ డ్రాపరూ వేడినీళ్ళలో వేసి, ఖాళీ సీసా కడుగుతున్నాను. అత్తగారు వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా చేతిలో సీసా చూసి, "ఇదేనా ఆ మందు? అయ్యో, నిన్న పొయ్యిగట్టు మీద ఉంటే వాడి తలనొప్పి మందేమో అనుకున్నానే" అంది.

"గట్టు మీదెందుకుంటుంది అత్తయ్యా? ఫ్రిజ్‌లో కదా పెట్టింది."

"ఏమోనమ్మా. మీటింగని మీ ఆయన కూల్‌డ్రింకు సీసాలు తెచ్చాడుగా, చోటు చాలక నీ డబ్బా ఖాళీ చేశాడు. పొద్దున్నుంచీ ఆ గట్టు మీదే ఉంది. పొయ్యి సెగకి పగుల్తుందేమోనని నేనే కాస్త పక్కకి జరిపాను. సాయంత్రం వాళ్ళంతా వెళ్ళాక మళ్ళీ లోపల పెట్టేశాడు."

నేను కుళాయి కట్టేశాను. శుక్రవారం సాయంత్రం ఆ సీసాని ఐసులో పెట్టి, బస్సులో ఎవరి చెయ్యీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో మధ్య అరలో వెనక్కి తోసి, "దీన్ని మాత్రం ముట్టుకోకండి" అని ఆయనకి చెప్పాను. "నాకేం పని దాంతో?" అన్నారు టీవీ వైపు చూస్తూ. శనివారం పొద్దున్నుంచీ నేను కంపెనీలో ఉన్నాను. ఆదివారం డబ్బా తెరిస్తే సీసా దాని చోట అది ఉంది, చల్లగానే తగిలింది. చల్లగా ఉందా లేదా అని చూశాను గానీ, నిన్నంతా ఎక్కడున్నావని సీసాని అడగలేను కదా.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ, "పొయ్యి పక్కనా? పగలంతానా?" అని రెండుసార్లు అడిగింది. "అందులో ఉండేది బతికున్న మందమ్మా. అంత సెగకి బతకదు. నువ్వు వేసింది వట్టి నీళ్ళనుకో. పిల్లలకి దానివల్ల నష్టం లేదు కానీ రక్షణా లేదు. రేపు రా, ఇంకో సీసా ఇస్తాను. ఇవాళే అందరికీ చెప్పు. మందు పడిందనుకుని కోళ్ళని వదిలేశారంటే మాత్రం ఒక్కటీ మిగలదు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా నాకు కోపం రాలేదు. కోపం రావాలి కదా అని అనుకున్నాను. చేతులు ఐసుకి తిమ్మిరెక్కి ఉన్నాయి, అదొక్కటే తెలుస్తోంది.

ఆయన పేపరు చదువుకుంటున్నారు. విషయం చెప్పాను. "ఓ, అదా" అన్నారు పేపరు దించకుండా. "మళ్ళీ పెట్టేశానుగా."

"అది పనికిరాదట. డాక్టరమ్మ అంది. అందరికీ మళ్ళీ వెయ్యాలి. ఇవాళే చెప్పాలి."

అప్పుడు దించారు పేపరు. "ఏమని చెప్తావు?"

"జరిగిందే."

"జరిగిందంటే? సెక్రటరీగారు మందు పాడుచేశారని ఇంటింటికీ తిరిగి చాటింపు వేస్తావా? పది మందిలో తిరిగేవాణ్ణి, వచ్చే నెల ఎన్నిక పెట్టుకుని!" గొంతేమీ పెంచలేదు ఆయన. పెంచే మనిషి కాదు. చెయ్యెత్తే మనిషి అంతకన్నా కాదు. ఆ మాట మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంటారు. పేపరు ఒళ్ళో పెట్టుకుని, "కరెంటు పోయిందని చెప్పు" అన్నారు.

"అందరిదీ ఒకటే లైను. మనింట్లో ఒక్కచోటే పోతుందా?"

"అయితే నువ్వే బయటపెట్టి మర్చిపోయానని చెప్పెయ్. నీ మతిమరుపు సంగతి అందరికీ తెలిసిందేగా, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు చాలా మామూలుగా. సమస్య తీరిపోయిందన్నట్టు పేపరు మళ్ళీ ఎత్తారు.

నిజమే, నా మతిమరుపు సంగతి అందరికీ తెలుసు. అది నాకెలా వచ్చిందో నాకు మాత్రమే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన తన అన్నగారింటి గృహప్రవేశం తేదీ మర్చిపోయారు. వెళ్ళలేదని వాళ్ళు ఫోన్ చేసి నిలదీస్తే, "మీ మరదలు చెప్పడం మర్చిపోయింది" అన్నారు నా ముందే, నాకు కన్ను కొడుతూ. నేను నవ్వాను కూడా. కొత్తగా పెళ్ళయినదాన్ని, ఇద్దరికీ మధ్య ఒక రహస్యం ఉందని సంబరపడ్డాను. ఆ తర్వాత గ్యాసు బండ చెప్పడం మర్చిపోయింది నేను. ఎవరో దాచమని ఇచ్చిన కాగితాలు ఎక్కడో పెట్టింది నేను. కంపెనీలో కూడా అంతే, సూపర్వైజరు కొలత తప్పు చెప్పినా మేనేజరు ముందు "ఈవిడ సరిగ్గా వినలేదు సార్" అనేస్తాడు, నేను తలొంచుకుంటాను. ఒకళ్ళింట్లో బాగా నడిచిన పద్ధతి ఇంకోచోట ఎందుకు నడవదు? పోను పోను ఎవరూ నా మీద వెయ్యకముందే "నేనే మర్చిపోయానండీ" అనడం మొదలుపెట్టాను. గొడవ తొందరగా అయిపోతుంది, అందరూ భోజనాలకి లేస్తారు. అలా అంటూ ఉండగా ఏదో ఒకరోజున లోపల ఏదీ తగలడం మానేసింది. ఎప్పుడు మానేసిందో చూసుకోలేదు.

ఇది కూడా అలాగే అనేసేదాన్నే. మొహమాటం ఏముంది, నా మతిమరుపు వీధికి కొత్తా? కానీ మర్చిపోయే మనిషి చేతికి రేపు ఎవరు తెచ్చిస్తారు పిల్లల్ని? నాకున్నదల్లా ఈ ఒక్క పని. పైగా నన్ను వద్దంటే డాక్టరమ్మ దగ్గర్నుంచి సీసా తెచ్చే దిక్కు ఇంకొకరు లేరు. వీళ్ళు మందు వేయించడం మాననూ మానతారు, తెగులు రానూ వస్తుంది.

ఏమీ తేల్చుకోలేక పెరట్లోకి వెళ్ళి మా కోడిపిల్లల్ని గంప కింద మూస్తున్నాను. అత్తగారు వెనకే వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగడం ఆవిడకి కష్టం, అయినా దిగింది. గోడ పట్టుకుని నిలబడి, "అమ్మాయ్, ఒకటి చెప్తాను, విను" అంది గొంతు తగ్గించి.

తిడుతుందేమో, కొడుకుని నిలదీశానని. వినడానికి సిద్ధంగానే నిలబడ్డాను.

"నా మీద వేసెయ్" అంది.

"ఏంటత్తయ్యా?"

"ఆ సీసా. ముసల్ది తెలియక తీసి బయటపెట్టిందని చెప్పు. నేనైతే ఎవరూ ఏమీ అనరు, వయసైపోయింది కదా. వాడి మాటా పోదు, నీ మాటా పోదు." చిక్కుడుకాయల వాసన వచ్చే చేతుల్ని చీరకి తుడుచుకుంటూ ఇంకా చెప్పింది. "నాకిది కొత్తేం కాదులే. మీ మామగారు ఒకసారి ఇంటికి తాళం వెయ్యకుండా పెళ్ళికి బయల్దేరారు. దొంగలు పడ్డారు. పోలీసులొచ్చి అడిగితే నేనే వెయ్యలేదన్నాను. వాళ్ళ అన్నదమ్ముల ముందు ఆయన తలొంచుకోవడం చూడలేక అనేశాను. అప్పట్నుంచీ వాళ్ళ వైపువాళ్ళందరికీ నేను తాళమ్మనే. మొన్న పెళ్ళిలో కూడా ఆ చిన్నపిల్ల వచ్చి, 'తాళమ్మ నాయనమ్మా, ఇంటికి తాళం వేశావా' అనడగలేదూ? అందరూ నవ్వలేదూ?"

నిజమే, నవ్వారు. నేను కూడా నవ్వాను, అలవాటుగా. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆవిడని ఆ పేరుతోనే విన్నాను. తాళం సంగతి వచ్చినప్పుడల్లా మామగారు అందరికన్నా గట్టిగా నవ్వేవారు.

"మామగారు పోయేలోపు ఎవరికైనా నిజం చెప్పారా?"

"ఆయనెందుకు చెప్తారే? కొన్నాళ్ళకి ఆయనకే గుర్తు లేదు. నేనే వెయ్యలేదని నమ్మేశారు." అత్తగారు గోడ మీద పెచ్చు ఒకటి గోరుతో గీకింది. "ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, నేనే వెయ్యలేదేమో అని."

నాకు భయం వేసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఏదో ఒకటి తగిలింది లోపల, అదీ ఇది. నేను దించిన గిన్నె మూత తీసి చూసే మనిషి, కూరలో ఉప్పెక్కువైందని పొరుగువాళ్ళకి కూడా చెప్పే మనిషి, నా కోసం అడ్డం పడడానికి వచ్చింది. ఆవిడకి తెలిసిన సాయం ఇదొక్కటే. ఇంకో ఇరవయ్యేళ్ళకి ఇదే గోడ పట్టుకుని నేను ఎవరికో ఈ మాటే చెప్తాను, అదీ మంచి మనసుతోనే. అప్పటికి ఈ సీసా సంగతి ఆయనకి గుర్తుండదు. నాకూ అనుమానంగానే ఉంటుంది.

"మీ మీద వెయ్యనత్తయ్యా" అన్నాను.

"మరి?"

చెప్పులేసుకున్నాను. ఇంట్లోంచి వెళ్తుంటే ఆయన, "కంగారుపడకుండా చెప్పు. మర్చిపోయానంటే చాలు, ఎక్కువ వివరాల్లోకి వెళ్ళకు. తొందరగా రా, ఆకలేస్తోంది" అన్నారు. కూర అత్తయ్య పొయ్యి మీద పెడుతుందని కూడా చెప్పలేదు. మామూలుగా అయితే చెప్పేదాన్ని.

కుట్టుమిషను వదిన ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. గుమ్మంలో మిషను, మిషను కింద అట్టపెట్టెలో పొద్దున చుక్క వేసిన పిల్లలు. వదిన ఏదో జాకెట్టుకి చేతులు కలుపుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మందు పాడైందని, నిన్న పగలంతా ఫ్రిజ్ బయట ఉందని, వేసింది వట్టి నీళ్ళని, రేపు కొత్త సీసా తెస్తానని, అప్పటిదాకా పెట్టెలోంచి తియ్యొద్దని. గొంతు నాది కానట్టు వినిపించింది.

"అయ్యయ్యో" అంది వదిన తొక్కడం ఆపకుండానే. "బయట పెట్టి మర్చిపోయావా? పోనీలే, నీకు మామూలేగా. నువ్వు మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటావు? ఒక పని చేద్దాం వదినా, రేపట్నుంచీ సీసా మా ఇంట్లో పెడదాం. నేనైతే జాగ్రత్తగా చూసుకుంటా. చుక్కలు వెయ్యడం కూడా నేర్పెయ్, నీకు శ్రమెందుకు?"

ప్రేమగానే అంది. నేను తల ఊపితే చాలు, పని అయిపోయినట్టే. నిజం చెప్పాలంటే మెడ అప్పటికే కదలబోయింది.

"నేను మర్చిపోలేదు వదినా" అన్నాను. "ఫ్రిజ్‌లోనే పెట్టాను. ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్ళాను. కూల్‌డ్రింకులు పెట్టుకోవడానికి మా ఆయన తీసి పొయ్యిగట్టు మీద పెట్టారు."

మిషను ఆగిపోయింది. వదిన మా ఇంటి వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "సెక్రటరీగారా?"

"ఆ."

ఆవిడ దారం కొరికి తెంపి, జాకెట్టు మడతపెట్టింది. లేచి నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసింది.

"సరే, రేపు మా పిల్లల్ని నీ దగ్గరికే తెస్తాలే. నువ్వు ఇంటికెళ్ళు, మొహం ఎలా ఉందో చూసుకున్నావా? మిగతావాళ్ళందరికీ నేను చెప్పొస్తా" అంది. తర్వాత బాగా గొంతు తగ్గించి, "నువ్వే మర్చిపోయావని చెప్తాలే. నలుగురిలో తిరిగే మనిషి, పాపం ఆయన పరువెందుకు తియ్యడం?" అంది.

"వద్దు వదినా" అన్నాను. "ఆయనే తీశారని చెప్పు."